పొట్టలో స్టెంట్ గ్రాఫ్ట్ వేయించుకుని ఇంటికి వచ్చాక ఏం చేయాలి: ఒడిశా సరిహద్దు ఊళ్లవారికి

మా నాన్నగారికి విశాఖపట్నంలో ఆపరేషన్ అయ్యాక పర్లాకిమిడి తీసుకువచ్చిన రోజు, పలకరించడానికి వచ్చినవారందరూ ఆయన పొట్ట మీద కుట్ల కోసం వెతికారు. పొట్ట మీద ఏమీ లేదు. రెండు గజ్జల్లోనూ చిన్న పట్టీలు, అంతే. "ఇంతేనా ఆపరేషన్?" అన్నారు. నాన్నగారు కూడా ఆ మాట పట్టుకుని మూడేళ్లు "ఇంతే" అనుకున్నారు. మేమూ అనుకున్నాం. ఆ పొరపాటు మీరు చేయకుండా ఉండడానికే ఇది రాస్తున్నాను. నేను డాక్టరును కాను, ఫైలు మోసే మనిషిని. ఇందులో ఏ మాటైనా మీ సర్జన్ చెప్పినదానికి తేడాగా ఉంటే ఆయన మాటే వినండి.

ముందు లోపల ఏం జరిగిందో తెలియాలి. పొట్టలో నడిచే బృహద్ధమని మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అది 3 సెంటీమీటర్లు దాటి ఉబ్బితే అన్యూరిజం అంటారు. మగవారిలో 5.5, ఆడవారిలో 5 సెంటీమీటర్ల దగ్గరకు వస్తే పగిలే ప్రమాదం లెక్కకు వస్తుంది కాబట్టి సాధారణంగా అప్పుడు మరమ్మతు చేస్తారు. పొట్ట కోసి చేసే పాత పద్ధతిలో ఆ ఉబ్బిన భాగాన్ని తెరిచి, దాని చోట కృత్రిమ గొట్టం కుడతారు. గజ్జల్లోని ధమనుల గుండా చేసే కొత్త పద్ధతిలో అలా కాదు. బోరులో కేసింగ్ పైపు దింపినట్టు, లోహపు అల్లిక మీద గుడ్డ తొడిగిన గొట్టాన్ని, అంటే స్టెంట్ గ్రాఫ్ట్‌ను, ఉబ్బు లోపలికి దింపి విప్పుతారు. రక్తం ఆ గొట్టంలోంచి పోతుంది. ఉబ్బిన సంచి మాత్రం బయట అలాగే ఉంటుంది. కేసింగ్ ఒక చోట జారినా, అతుకు వదిలినా నీరు మళ్లీ మట్టి గోడను తడుపుతుంది కదా, ఇక్కడా అంతే. సంచిలోకి రక్తం చేరడాన్ని ఎండోలీక్ అంటారు. ఎండోలీక్‌కు చాలాసార్లు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, ఆకలి తగ్గదు. మనిషి హాయిగా ఉండటం ఇక్కడ ఏ సాక్ష్యమూ కాదు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. బ్రిటన్‌లో 1999 నుంచి 2004 వరకు 1,252 మందిని చేర్చుకుని రెండు పద్ధతులనూ పోల్చారు. మొదటి ఆరు నెలల్లో గజ్జ గుండా చేయించుకున్నవారిలోనే మరణాలు తక్కువ. అదే జనాన్ని ఏళ్ల తరబడి వెంబడించి చూస్తే ఎనిమిదేళ్లు దాటాక లెక్క తిరగబడింది. అందుకు ఒక ముఖ్య కారణం, లోపల మిగిలిన సంచి పగలడం. అంటే ఈ వైద్యంలో సగం ఆపరేషన్ బల్ల మీద జరుగుతుంది, మిగతా సగం తర్వాతి ఏళ్లలో జరుగుతుంది. ఆ రెండో సగానికి మన ఊళ్లో పట్టించుకునే మనిషి ఎవరూ ఉండరు, మనం తప్ప.

డిశ్చార్జి రోజున

బిల్లు కట్టే హడావిడిలో పడకుండా నాలుగు వస్తువులు చేతికి వచ్చాయో లేదో చూసుకోండి. ఒకటి, గ్రాఫ్ట్ కార్డు: కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, వేసిన తేదీ ఉండే చిన్న కార్డు. రేపు ఎప్పుడైనా ఎంఆర్‌ఐ తీయాలంటే అక్కడి వారు ముందు అడిగేది దీన్నే. రెండు, ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీ సీడీ. మూడు, ఆపరేషన్ వివరాల కాగితం. నాలుగు, డిశ్చార్జి సమ్మరీ. అందులో సంచి వెడల్పు మిల్లీమీటర్లలో రాసి ఉందో లేదో అక్కడే చూడండి. లేకపోతే రాయించుకుని కదలండి. ముందు ముందు ప్రతి కొలతనూ పోల్చేది ఆ అంకెతోనే.

ఫిలిం చాలదు. ఎండాకాలం బీరువాలో ఫిలింలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, సీడీ గీతలు పడుతుంది. సీడీలోనిది పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, కార్డును ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఫొటో తీసి ఉంచండి.

బయలుదేరే ముందు సర్జన్‌ను అడగవలసిన ప్రశ్నలను కాగితం మీద రాసుకుని వెళ్లండి, లేకపోతే ఆయన ముందు నిలబడగానే మరిచిపోతాం. మొదటి సీటీ ఎప్పుడు? రక్తం పలచబరిచే మాత్రలు ఏవి, ఎంతకాలం? కటి ధమని కొమ్మ ఏదైనా గ్రాఫ్ట్ కింద మూసుకుపోయిందా? రాత్రిపూట ఏదైనా అయితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

మూడో ప్రశ్న ఎందుకంటే, కొందరిలో గ్రాఫ్ట్ పట్టు కోసం పిరుదులకు రక్తం తీసుకుపోయే కొమ్మను మూసేయవలసి వస్తుంది. అలాంటప్పుడు కాస్త దూరం నడిస్తే పిరుదుల్లో పట్టేసినట్టు నొప్పి వస్తుంది, నిలబడితే పోతుంది. చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. మగవారికి పడకగదిలో ఇబ్బంది కూడా రావచ్చు. మన ఊళ్లలో ఈ సంగతి ఎవరూ డాక్టరు దగ్గర నోరు విప్పి చెప్పరు. చెప్పండి. ఆయనకు అది కొత్త కాదు.

మొదటి నెల

మొదటి కొన్ని రోజుల్లో సన్నగా జ్వరం, ఒళ్లు బద్ధకం ఉండవచ్చు. కొత్త గ్రాఫ్ట్‌కు శరీరం చూపే స్పందన అది, సాధారణంగా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. కానీ 101 డిగ్రీలు దాటినా, చలితో వణికినా, గజ్జ ఎర్రబడి చీము కారినా అది వేరే కథ. వెంటనే ఫోన్ చేయండి.

గజ్జను రోజూ అద్దంలో చూసుకోవాలి. చుట్టూ నీలిరంగు మచ్చ ఉంటే కంగారు లేదు, అది మెల్లగా పసుపుగా మారి పోతుంది. గుండె కొట్టుకున్నట్టు అదిరే గడ్డ తగిలితే మాత్రం వెళ్లాలి. రక్తం చిమ్మితే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, అరచేతితో గట్టిగా నొక్కి పట్టుకుని, ఇంకొకరిని ఫోన్ చేయమనండి. ఏమైందో చూద్దామని మధ్యలో చేయి తీయకండి. బియ్యం బస్తాలు, నీళ్ల బిందెలు, మనవళ్లను ఎత్తుకోవడం గాయం మానేదాకా వద్దు. గొంతుకు కూర్చోవడం కూడా మొదటి రోజుల్లో తగ్గించి, మరుగుదొడ్డిలో కుర్చీ ఏర్పాటు చేసుకుంటే మేలు. నడక మాత్రం మానకూడదు.

ఇక కాళ్లు. గ్రాఫ్ట్ పంచె కట్టులా రెండు కాళ్లుగా చీలుతుంది. ఆ రెండింటిలో ఒకటి గడ్డకట్టి మూసుకుపోవచ్చు, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. రోజూ పొద్దున్న మీ చేతి వెనుకవైపుతో రెండు పాదాలనూ తాకి చూడండి. రెండూ ఒకే వెచ్చదనంలో ఉండాలి. ఒక కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి నొప్పి పుడితే గంటలు లెక్క. తైలం రాసి మర్దన చేస్తూ కూర్చోవద్దు. మా వీధిలో ఎవరికి కాలు తిమ్మిరెక్కినా ముందు బయటికి వచ్చేది తైలం సీసానే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటి రోజుల్లో కడుపునొప్పితో పాటు విరేచనంలో రక్తం పడితే కూడా ఆగకూడదు. పేగుకు రక్తం సరిగా అందడం లేదనడానికి అది గుర్తు కావచ్చు.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు

సాధారణంగా నెల రోజులకు ఒక సీటీ యాంజియోగ్రామ్, ఏడాదికి ఇంకొకటి తీస్తారు. అంతా బాగుంటే ఆ తర్వాత ఏడాదికోసారి డాప్లర్ అల్ట్రాసౌండ్, కొన్నేళ్లకు ఒకసారి సీటీ. ఏదైనా లీకు కనిపిస్తే ఆరు నెలలకు పిలుస్తారు. మీ గ్రాఫ్ట్ పట్టు ఎలా ఉందన్నదాన్ని బట్టి మీ డాక్టరు ఇందులో మార్పులు చేస్తారు.

సీటీ రాయించేటప్పుడు "పొట్ట సీటీ" అని ఊరుకోకండి. రక్తనాళాలు స్పష్టంగా కనబడడానికి ఎక్కించే మందు (కాంట్రాస్ట్) ఇవ్వక ముందు ఒకసారి, అది ధమనుల్లో ఉన్నప్పుడు ఒకసారి, కొంచెం ఆలస్యంగా ఇంకోసారి చిత్రాలు తీయమని చీటీ మీద స్పష్టంగా ఉండాలి. వెనక్కి మెల్లగా చేరే లీకు ఆ చివరి చిత్రాల్లోనే పట్టుబడుతుంది. వెళ్లే ముందు వారంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి, ఎందుకంటే ఆ మందు భారం కిడ్నీల మీద పడుతుంది. కిడ్నీ బాగాలేనివారికి మందు లేని సీటీ, డాప్లర్ కలిపి చూసే దారి ఉంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. అల్ట్రాసౌండ్‌కైతే ఖాళీ కడుపుతో వెళ్లాలి. పేగుల్లో గాలి నిండితే ధమని కనిపించదు. ముందు రాత్రి శనగలు, పకోడీలు వద్దు.

ఇప్పుడు మా కథ. 2019 జనవరిలో ఆపరేషన్. సంచి 58 మిల్లీమీటర్లు. 2020 జనవరిలో 56. సంబరపడ్డాం. 2021లో కరోనా భయంతో ఊరు కదల్లేదు. ఆ మధ్య నాన్నగారికి కడుపులో మంట వస్తే దగ్గరి పట్నంలో అల్ట్రాసౌండ్ తీయించాం. కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు అన్నీ నార్మల్ అని రిపోర్టు. ఆ నార్మల్ చూసి గ్రాఫ్ట్ కూడా బాగుందనే అనుకున్నాం. రిపోర్టులో ధమని గురించి ఒక్క ముక్క లేదు. అడగనిది వాళ్లు చూడలేదు, చూడమని మేం చెప్పలేదు. 2022లో సీటీ తీస్తే సంచి 63. కుడి కాలు వైపు గ్రాఫ్ట్ కింది అంచు పట్టు వదిలింది. మళ్లీ గజ్జ గుండా ఇంకో ముక్క జోడించారు. రెండు రోజుల్లో ఇంటికి వచ్చేశాం. ఇప్పుడు సంచి 54. కానీ ఆ మధ్యలో నాన్నగారు రోజూ మహేంద్రతనయ ఒడ్డున నడకకు పోయేవారు, ఏ బాధా లేకుండా!

కాబట్టి స్కాన్ గదిలోకి వెళ్లగానే మొదటి మాటగా "పొట్టలో స్టెంట్ గ్రాఫ్ట్ ఉంది, సంచి వెడల్పు కొలిచి రాయండి, లీకు ఉందో లేదో రాయండి" అనండి. పాత రిపోర్టు చూపించండి. వీలైతే ప్రతిసారీ అదే చోట తీయించండి. చేయి మారితే అల్ట్రాసౌండ్ కొలతలో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది, అది పెరుగుదలో కొలత తేడాయో తేల్చడం కష్టం.

రిపోర్టులో ఏం చూడాలి

రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో, జనం మాట్లాడే భాషలో రాయాలని ఆయన పోరాడిన ఊరిలో, మన ఒంటి సంగతి మనకు చదవరాని భాషలో చేతికి వస్తుంది. సరే, దాని మీద కోపం తర్వాత. నాలుగు మాటలు వెతికితే చాలు: సాక్, అంటే సంచి, దాని వెడల్పు; ఎండోలీక్, ఉంటే ఏ రకం; మైగ్రేషన్, అంటే గ్రాఫ్ట్ జారిందా; పేటెంట్, అంటే రెండు కాళ్ల గొట్టాలూ తెరిచి ఉన్నాయని అర్థం.

ఎండోలీక్ రకాల్లో ఒకటోది పై అంచునో కింది అంచునో పట్టు వదలడం. మూడోది ముక్కల మధ్య అతుకు విడిపోవడం లేదా గుడ్డ చిరగడం. ఈ రెండింటిలో ధమనిలోని పూర్తి ఒత్తిడి సంచి మీద పడుతుంది. ఈ అంకెలు కనిపిస్తే "పండగ అయ్యాక వెళ్దాం" అనే మాట లేదు, ఆ రోజే సర్జన్‌కు పంపండి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది రెండో రకం. నడుము వైపు పోయే చిన్న కొమ్మల నుంచి రక్తం వెనక్కి సంచిలోకి రావడం అది. చాలావరకు దానంతట అదే మూసుకుపోతుంది. సంచి పెరగనంతవరకు చూస్తూ ఉండటమే వైద్యం. నాలుగోది గుడ్డ రంధ్రాల్లోంచి ఊరడం, ఆపరేషన్ సమయంలోనే కనిపించి పోతుంది. ఐదోది లీకు కనబడకుండానే సంచి పెరగడం, అరుదు.

రకం ఏదైనా చివరికి తేల్చేది సంచి వెడల్పే. తగ్గుతుంటే అంతకంటే మంచి కబురు లేదు. 5 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పెరిగితే కారణం వెతకాల్సిందే.

ఒక వంద పేజీల నోటుపుస్తకం కొనండి. తేదీ, ఎక్కడ తీశారు, సీటీయా డాప్లరా, సంచి వెడల్పు, లీకు, క్రియాటినిన్, బీపీ, ఎవరు చూశారు. ఒక్కో స్కాన్‌కు ఒక్క వరుస. మనలాంటి వారికి ఆపరేషన్ విశాఖలో, డాప్లర్ బరంపురంలో, జ్వరం వస్తే జిల్లా ఆసుపత్రిలో. ఏ ఇద్దరు డాక్టర్ల దగ్గరా మొత్తం కథ ఉండదు. విశాఖలో మా డాక్టరుగారు ఇప్పుడు మా ఫైలు కంటే ముందు ఆ పుస్తకమే అడుగుతారు.

రాత్రి రెండింటికి ఏదైనా అయితే

ఉన్నట్టుండి పొట్టలోనో నడుములోనో చీల్చినట్టు నొప్పి, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం: ఇది సంచి పగిలిందేమో అని ముందు అనుకోవాలి. మనవాళ్లు ముందు అనుకునేది గ్యాస్ అని, నడుం పట్టిందని. సోడా తాగిస్తూ, కాపడం పెడుతూ పోగొట్టుకునే గంటే అసలు గంట.

అందుకని ప్రశాంతంగా ఉన్న రోజునే ఒక కాగితం రాసి గోడకు అంటించండి. మీ ఊరికి దగ్గరలో రాత్రిపూట సీటీ తీసే చోటు ఏది, రక్తనాళాల సర్జన్ ఉన్న చోటు ఏది, అక్కడికి పోయే దారి ఏది. గుణుపూర్, రాయగడ, జయపురం వారికి ఈ జవాబులు వేర్వేరుగా ఉంటాయి. 108 బండి రాష్ట్రం దాటి వస్తుందో రాదో ముందే కనుక్కోండి, రాకపోతే ప్రైవేటు బండివాడి నంబరు కాగితం మీద ఉండాలి. మీ దగ్గరున్న ఆరోగ్య కార్డు పక్క రాష్ట్రంలోని ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో, స్కాన్ ఖర్చు కూడా అందులో వస్తుందో లేదో ఇప్పుడే అడగండి. ఆపరేషన్‌కు చెల్లిన కార్డు స్కాన్‌కు చెల్లుతుందని అనుకోకండి.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు తెలుగు రాకపోవచ్చు. ఒక వాక్యం ఇంట్లో అందరికీ నేర్పండి: "మో పేటర రక్తనళీరే స్టెంట్ అచ్ఛి." నా పొట్టలోని రక్తనాళంలో స్టెంట్ ఉంది అని. ఒడియాలో పేట అంటే పొట్ట. మా అమ్మ మొదట్లో "ఏ పేట? ఊరి పేరు చెప్పాలా?" అని నవ్వింది, ఇప్పుడు నాకంటే బాగా చెబుతుంది. చెబుతూనే గ్రాఫ్ట్ కార్డు చేతికి ఇవ్వండి.

నెలలు, ఏళ్లు గడిచాక తగ్గని జ్వరం, బరువు తగ్గడం, నడుం నొప్పి కలిసి వస్తే గ్రాఫ్ట్‌కు ఇన్ఫెక్షన్ చేరిందేమో చూడమని అడగండి. అరుదే, కానీ టైఫాయిడ్ అని, మలేరియా అని వారాలు గడిపేస్తారు. నల్లటి విరేచనమో, రక్తపు వాంతో అయితే ఆ క్షణమే బయలుదేరాలి. పన్ను పీకించుకునే ముందు కూడా గ్రాఫ్ట్ సంగతి దంత వైద్యునికి చెప్పి, యాంటీబయోటిక్ కావాలా అని మీ సర్జన్‌ను అడగండి.

మందులు, పొగాకు, ఇంట్లో మిగతావారు

ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర మానకండి. బీపీ అదుపులో ఉండాలంటే ఎండుచేపలు, ఊరగాయలు తగ్గాలి. ఇది మా ఇంట్లో స్కాన్ ఖర్చు కంటే పెద్ద తగువు.

ధమని ఉబ్బడానికి పొగాకును మించిన శత్రువు లేదు. చుట్ట, బీడీ, సిగరెట్టు అన్నీ ఒకటే. ఈ ప్రాంతపు ఆడవారిలో నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. ఆడవారు పొగ తాగరు కదా అని డాక్టర్లు ఆ ప్రశ్నే అడగకపోవచ్చు. మీరే చెప్పండి.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల్లో యాభై దాటినవారు ఒక్కసారి పొట్ట అల్ట్రాసౌండ్ తీయించుకుని, ధమని వెడల్పు రాయించుకోవాలి. కోత లేదు, సూది లేదు, పావుగంట పని. నాన్నగారి ఆపరేషన్ అయిన ఏడే మా బాబాయిని బలవంతంగా తీసుకువెళ్లాను. 34 మిల్లీమీటర్లు అని తేలింది. ఇప్పుడే ఏమీ చేయనక్కరలేదు, మూడేళ్లకోసారి కొలిపించమన్నారు, చుట్ట మానమన్నారు. కొలిపించడానికి పిలిస్తే వస్తున్నారు. వచ్చేటప్పుడు చుట్ట మాత్రం చెవి మీదే ఉంటోంది.